ఆరో టేబుల్ మీద ఎర్ర పుస్తకం: నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి చాయ్ హోటల్

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజార్ దిక్కు నడుస్తుంటే ఎడమ చేతికి ఒక సందు వస్తది. సందు మొదట్ల చెప్పులు కుట్టే పెద్దాయన కూర్చుంటడు. ఆయనను దాటి లోపలికి పోతే ఈ హోటల్. బోర్డు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందటి రేకులతో పాటు బోర్డు కూడ పోయింది, సేటు మల్ల పెట్టించలేదు. "సేటు దగ్గర" అంటే ఆ గల్లీల ఎవరన్న చూపిస్తరు. ఆరు టేబుళ్లు, ఇరవై నాలుగు కుర్చీలు, ఒక గల్లాపెట్టె, గోడకు ఒక ప్రపంచ పటం.

నేను ఆర్టీసీల 33 ఏండ్లు కండక్టర్‌గ చేసి 2021ల రిటైర్ అయిన. డ్యూటీల ఉన్నప్పుడు ఈ హోటల్‌కు నిలబడి చాయ్ తాగి పోయేటందుకు వచ్చేది. రిటైర్ అయినంక కూర్చోవడానికి వస్తున్న. రోజూ పొద్దున ఆరున్నరకు వచ్చి ఎనిమిదిన్నరకు లేస్తం. మా ఇంటామె "హోటల్ల హాజరు పట్టీ ఏమన్న ఉన్నదా" అని అడుగుతది. ఉన్నది. దాని గురించే రాస్తున్న.

ముందుగాల చాయ్ ముచ్చట. కప్పు 15 రూపాయలు. పానగల్లు దిక్కు నుంచి వచ్చే బర్రె పాలు. పాలు ఒక గిన్నెల, డికాక్షన్ ఇంకో గిన్నెల వేరువేరుగ కాగుతుంటయ్. పాలు సన్న మంట మీద ఉండి ఉండి లేత గోధుమ రంగుకు తిరుగుతయ్. కప్పుల ముందు డికాక్షన్ పోసి, పైకెళ్లి పాలు పోస్తడు పిలగాడు, చెంచతో కలపడు. అది కలిసే తీరు చూసుకుంట కూర్చునేటోళ్లున్నరు. పింగాణి కప్పు, సాసరు. కాగితం కప్పు అడిగితే ఇస్తరు గని సేటు మొఖం చిన్నగ చేసుకుంటడు. పెద్ద మనుషులు సాసర్ల పోసుకొని ఊదుకుంట తాగుతరు. ఉస్మానియా బిస్కెట్ 5 రూపాయలు, తాజాగ ఉంటది. ఉల్లిగడ్డ సమోస పొద్దున పూట మంచిగుంటది. సాయంత్రం నాలుగు దాటినంక తినకండి, నూనె నల్లబడి ఉంటది. ఈ మాట సేటుకు మొఖం మీదనే చెప్పిన, ఇక్కడ కూడ రాస్తున్న.

ఇంతవరకు నల్లగొండల ఇంకో పది హోటళ్లకు కూడ రాయొచ్చు. ఈ హోటల్ ఎందుకు వేరు అంటే ఆరో టేబుల్ వల్ల.

ఆరో టేబుల్ లోపలి గోడకు ఆనుకొని, ప్రపంచ పటం కింద ఉంటది. దాని మీద రోజూ ఐదు పేపర్లు వేస్తడు సేటు, నాలుగు తెలుగు, ఒకటి ఉర్దూ. పేజీలు ఎవరూ ఊడదీసి పట్టుకపోకుండ మడత మీద దబ్బనంతో రెండు పొక్కలు పెట్టి సుతిలి దారంతో కడుతడు. ఇక్కడ కూర్చున్నోళ్లు రాజకీయం మాట్లాడుతరు. నల్లగొండల రాజకీయం మాట్లాడని చాయ్ హోటల్ ఉండదు. కానీ ఇక్కడ రెండు కట్టుబాట్లున్నయ్. ఒకటి, ఏ వార్త మీద మాట్లాడాలన్నా ముందుగాల ఒకరు దాన్ని మొదటి నుంచి చివరి దాకా పైకి చదవాలె. శీర్షిక చూసి లొల్లి మొదలుపెడితే సేటు గల్లా కాడి నుంచే "పూరా పఢో భాయ్" అంటడు. రెండోది ఎర్ర పుస్తకం.

ఎర్ర పుస్తకం అంటే కిరాణా దుకాణాలల్ల ఉండే పొడుగు పద్దు పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. ఎవరన్న గట్టిగ ఒక మాట అంటే, ఈ పార్టీ ఇన్ని సీట్లు గెలుస్తది, ఫలానా ధర పెరుగుతది, ఫలానా దేశం వెనక్కి తగ్గుతది అంటే, ఎదుటోడు "రాయి సేటు" అంటడు. సేటు రాస్తడు. అక్షరాలు తెలుగువి, తారీఖు మాత్రం ఉర్దూ అంకెల్ల. కింద ఆ మాట అన్న మనిషితోని సంతకం పెట్టిస్తడు. మాట తప్పయితే ఆ దినం టేబుల్ మీద ఉన్నోళ్లందరికీ చాయ్ అతనే తాపియ్యాలె. పైసల పందెం లేదు, సేటు ఒప్పుకోడు.

"రాయి సేటు" అన్న రెండు మాటల బలం నేను ఐదేండ్ల సంది చూస్తున్న. అప్పటిదాక బల్ల గుద్ది మాట్లాడిన మనిషి ఆ మాట వినంగనే కుర్చీల సర్దుకొని కూర్చుంటడు. "అంటే... నా అందాజ" అంటడు. వంద సీట్లు అన్నోడు డెబ్బై అంటడు. అందరూ అట్లనే అంటున్నరు అన్నోడు, ఎవరన్నరో గుర్తు చేసుకునే పనిల పడుతడు. కొందరు రాయొద్దని పేపర్ మల్లొకసారి దగ్గరికి గుంజుకొని చదువుతరు. ఆ మల్లొకసారి చదవడం కోసమే సేటు ఈ పుస్తకం పెట్టిండు అని నా నమ్మకం.

ఒక ముచ్చట పూర్తిగ చెప్తా. 2025 ఆగస్టుల, కేంద్రం పత్తి దిగుమతి సుంకం తీసేసింది. అప్పటిదాక 11 శాతం ఉండె. ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఉండదని వార్త. ఆ దినం ఆరో టేబుల్ దగ్గర కనగల్ దిక్కు రైతు ఒకాయన ఉన్నడు, ఆరెకరాల పత్తి ఆయనది. జిన్నింగ్ మిల్లుల, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లుల, గుమాస్తాగ చేసిన పెద్దమనిషి కూడ ఉన్నడు. నల్లగొండ జిల్లాల పత్తి అంటే ఎవరికీ పరాయి ముచ్చట కాదు, ప్రతి ఇంట్ల ఎవరో ఒకరికి చేను ఉంటది.

పంతులు సార్ వార్త చదివిండు. ఈయన తెలుగు పండితుడు, రిటైరయి చానా ఏండ్లయింది, గొంతు మాత్రం ఇప్పటికీ తరగతి గది చివరి బెంచికి వినపడేటట్టు ఉంటది. చదువుడు అయినంక గుమాస్తా అన్నడు: "ఇది మిల్లుల కోసం చేసిండ్రు. అమెరికా మన బట్టల మీద యాభై శాతం సుంకం వేస్తున్నది, ఇరవై ఏడో తారీఖు నుంచి. బట్టల మిల్లులు బతకాలంటే దూది అగ్గువకు దొరకాలె. నెలా పది రోజుల ముచ్చట, మన పత్తి చేన్ల మీదనే ఉన్నది ఇంకా, మనకేం నష్టం?"

రైతు చాయ్ కప్పు పక్కకు జరిపిండు. "అన్నా, చేన్ల ఉన్నది కాబట్టే భయం. మిల్లోడు ఇప్పుడు బయటి దేశం దూది తెచ్చి గోదాముల పోసుకుంటడు. దసరాకు నేను పత్తి ఏరుకొని వస్తే అవసరం లేదంటడు. నాకు పడేది గప్పుడు."

"గప్పటికి సుంకం మల్ల వస్తది. సెప్టెంబర్ ముప్పై అని రాసి ఉన్నది గద."

"పెంచుతరు. చూడుర్రి."

"పెంచరు."

ఇద్దరూ ఒక్కసారే "రాయి సేటు" అన్నరు. సేటు రాసిండు. తొమ్మిది దినాలకే, ఆగస్టు 28న, ఆ మినహాయింపును డిసెంబర్ 31 దాకా పొడిగిస్తున్నట్టు వార్త వచ్చింది. డిసెంబర్ అంటే మా దిక్కు పత్తి ఏరుడు సగానికి ఎక్కువ అయిపోయి ఉంటది. మర్నాడు గుమాస్తా అడగకముందే గల్లా దగ్గర పైసలు కట్టి అందరికీ చాయ్ చెప్పిండు. రైతు ఆ చాయ్ తాగిండు గని, గెలిచిన మొఖం కాదు అది. ఆయన అన్న మాట నాకు ఇంకా గుర్తున్నది: "నా మాట తప్పయితే నేనే అందరికీ చాయ్‌తోని పాటు సమోస గూడ తాపిద్దునన్నా."

అప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్య పెద్ద చర్చే నడిచింది, నవంబర్ దాకా. ఆ ఏడాది మద్దతు ధర పొడుగు పింజ పత్తికి క్వింటాల్‌కు 8,110 రూపాయలు అని పేపర్ల ఉండె. ఆ ధర ఎవరికి దొరుకుతది? తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాకా ఎంత ఎక్కువుంటే అంత కోత, 12 దాటితే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ తీసుకోదు. దాని మీద ఆ ఏడాది ఫోన్ల కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ బుక్ చేసుకొని పోవాలె. అక్టోబర్ నెలాఖరుకు మొంథా తుఫాను వాన పడ్డది. తడిసిన పత్తి 12 శాతానికి ఎట్ల దిగుతది? గుమాస్తా లెక్క తెలిసిన మనిషి. తేమ మిషన్ ఎట్ల పని చేస్తది, బోరెం నడుమ చేయి పెట్టి చూస్తే ఎంత, పైకెళ్లి చూస్తే ఎంత, ఎండకు రెండు దినాలు పల్సగ ఆరబోస్తే ఎంత తగ్గుతదో రైతుకు చెప్పిండు. ఆగస్టుల ఎదురెదురు కూర్చొని వాదించిన ఇద్దరు నవంబర్ల ఒకే దిక్కు కూర్చొని ఫోన్ల స్లాట్ బుక్ చేస్తుంటే చూసిన. గుమాస్తా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఒక్కొక్క అంకె నొక్కుతుంటే, రైతు పట్టాదారు పాస్‌బుక్ నంబర్ చదివి చెప్తున్నడు. సుంకం తీసెయ్యడం మంచిదా చెడ్డదా అన్న దాని మీద ఇప్పటికీ ఇద్దరికీ పడదు. నాకు అడిగితే రైతు మాటే నిజం. పంట చేతికొచ్చే ముందు తలుపు తెరిచేది ఏ లెక్కల న్యాయమో నాకు అర్థం కాలేదు.

గోడ మీది ప్రపంచ పటం ఎక్కడిదో బడిది, పాతది. సోవియట్ యూనియన్ ఇంకా ఒకే గులాబీ రంగుల ఉంటది అందుల. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన మర్నాడు పంతులు సార్ కుర్చీ ఎక్కి, ఆ గులాబీ రంగు మీద నల్ల స్కెచ్ పెన్నుతోని ఉక్రెయిన్ హద్దు గీసిండు. 1991ల విడిపోయిన దేశం మా పటంల 2022ల విడిపోయింది. గీసుడు అయిందో లేదో, అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో ఎందుకు రష్యా దగ్గరికి రావాలె అని ఒకరు, పక్క దేశం మీదికి ట్యాంకులు పోనిచ్చుడు ఏం న్యాయం అని ఇంకొకరు. అంతలనే ఒకాయన లోపలికి వచ్చి పటం ముందు నిలబడ్డడు. మాకు ముఖ పరిచయం మాత్రమే. "ఖార్కివ్ ఏడుంటది సార్?" అని అడిగిండు. బిడ్డ అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నదట. పంతులు సార్ వేలు పెట్టి చూపిచ్చిండు. ఖార్కివ్ తూర్పు దిక్కు, రష్యా హద్దుకు ఆనుకొని. మన పిల్లలను తీస్కొచ్చే విమానాలు వస్తున్నయేమో పడమర దిక్కు దేశాలకు, పోలండ్, హంగరీ, రొమేనియా. నడుమ దేశమంతా దాటి రావాలె. ఆయన రెండు వేళ్లతోని ఆ దూరం కొలిచిండు, ఆ వేళ్లను అట్లనే పట్టుకొని నల్లగొండ నుంచి ఎంత దూరం పోతదో చూసిండు. ఆ వారం రోజులు ఆరో టేబుల్ మీద ఎవరు తప్పు ఎవరు ఒప్పు అన్న మాట లేవలేదు. రైళ్లు నడుస్తున్నయా, ఏ హద్దు దగ్గర లైన్ ఎంతున్నది, అవే చదివినం. బిడ్డ వచ్చింది. వచ్చినంక ఆయన మిఠాయి డబ్బ తెచ్చి టేబుల్ మీద పెట్టిండు, అప్పుడు మల్ల నాటో లొల్లి మొదలైంది.

ఇప్పుడు నా సొంత ముచ్చట. దీన్ని రాయకపోతే ఈ హోటల్ గురించి నేను రాసినట్టు కాదు.

మా డ్రైవర్, నేను పదకొండేండ్లు ఒకే సర్వీస్ మీద చేసినం, దేవరకొండ రూట్. ఒకే టిఫిన్ డబ్బల తిన్నం. 2019ల ఆర్టీసీ సమ్మె జరిగినప్పుడు 52 రోజులు డిపో ముందు టెంట్ల పక్కపక్కన కూర్చున్నం. జీతాల్లేవు. దసరా పోయింది, దీపావళి పోయింది. ఈ సేటే అప్పుడు రోజూ టెంట్‌కు ఫ్లాస్కుల చాయ్ పంపిండు, ఒక్క రూపాయి తీసుకోలేదు. అంత దగ్గర మనిషితోని 2022 నవంబర్ల కొట్లాట పెట్టుకున్న.

మునుగోడు ఉప ఎన్నిక అది. నవంబర్ 3న పోలింగ్. ఆ నెల రోజులు దేశంల ఉన్న కెమెరాలన్నీ మా దిక్కే తిరిగినయ్. మా అత్తగారి ఊరు చండూర్ పక్కన, ఆ నియోజకవర్గంలనే. ఎక్కడికి పోయినా ఒకటే మాట: ఓటుకు ఎంత ఇస్తున్నరంట, మీ అత్తగారింట్ల ఎంత వచ్చిందంట. వింటూ వింటూ నాకు కడుపు మండిపోయి ఉన్నది. పోలింగ్‌కు ముందు దినం పొద్దున ఆరో టేబుల్ నిండ మనుషులు, ఐదారుగురు ఒక్కసారే మాట్లాడుతున్నరు. ఆ లొల్లిల మా డ్రైవర్ నోట "పైసలు తీసుకున్నోళ్లు" అన్న మాట విన్న. తర్వాత మాట వినలేదు. లేచి నిలబడ్డ. "స్టీరింగ్ తిప్పుడు తప్ప నీకేం తెలుసు, మా అత్తగారోళ్లను అనేటోనివి అయినవా" అన్న. ఆయన ఏం అనలేదు. చాయ్ సగం కప్పుల విడిచి, పదిహేను రూపాయలు గల్లా మీద పెట్టి పోయిండు.

6వ తారీఖు ఫలితం వచ్చింది. 10,309 ఓట్ల మెజారిటీ. పుస్తకంల చాలామంది మాటలు తప్పినయ్, చాయ్‌లు తాగినం. ఆయన కుర్చీ ఖాళీగనే ఉన్నది. నవంబర్ పోయింది, డిసెంబర్ పోయింది. నేను ఫోన్ చెయ్యలేదు. తప్పు ఆయనదని నా మనసుల గట్టిగ ఉన్నది.

సంక్రాంతి పోయినంక ఒక దినం సేటు ఎర్ర పుస్తకం తెచ్చి నా ముందర పెట్టి, నవంబర్ 2 పేజీ తీసిండు. "కండక్టర్ సాబ్, చదువుర్రి" అన్నడు. ఆ దినం ఎవరో "రాయి సేటు" అన్నరట, అంత లొల్లిల నాకు వినపడలేదు. సేటు రాసిండు. డ్రైవర్ అన్నది ఇట్ల ఉన్నది: "పైసలు తీసుకున్నోళ్లను తిట్టొద్దు. ఇచ్చినోన్ని ఎక్కడి నుంచి తెచ్చినవని అడగాలె." కింద సంతకం లేదు, సంతకం పెట్టకముందే లేచిపోయిండు గద. దాని కింది వరుసల నా పేరు, స్టీరింగ్ మాట. తెలుగుల, సేటు గుండ్రటి రాతల, ఒక్క అక్షరం పోకుండ.

నేను అన్న మాటను వేరే మనిషి చేతి రాతల చూసుడు అదే మొదటిసారి. నోటి నుంచి పోయినప్పుడు అది అంత పెద్దగ లేకుండె. కాగితం మీద సగం వరుస తిన్నది. మా అత్తగారోళ్ల తరఫున మాట్లాడిన మనిషిని, వాళ్లను తిట్టిండని నేను అందరి ముందర అవమానించిన. చాయ్ తాగకుండనే లేచి పానగల్లుల ఆయన ఇంటికి పోయిన. గుమ్మం దగ్గర నన్ను చూసి ఆయన "టైముకే వచ్చినవు, బువ్వ తిందురా" అన్నడు. లోపలికి పోయి కూర్చున్న. చెప్పాలనుకున్నది చెప్పిన. ఆయన మర్నాడు హోటల్‌కు వచ్చిండు. సేటు ఆ పేజీ తీసి సంతకం పెట్టించుకున్నడు, రెండున్నర నెలల తర్వాత.

అందుకే ఎవరన్న రాజకీయం మాట్లాడితే స్నేహాలు పోతయ్, మాట్లాడకండి అంటే నేను ఒప్పుకోను. మాట్లాడక ఎట్ల ఉంటం? 1996ల నాకు మర్రిగూడ రూట్ డ్యూటీ పడ్డది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన మనుషులు బస్సు మెట్టు ఎక్కలేకపోయేది. చంకల కింద చెయ్యి వేసి లోపలికి తీసుకునేది నేను. ముప్పై ఐదేండ్ల మనిషి డెబ్బై ఏండ్ల మనిషి లెక్క వంగిపోయి ఉంటే, సీటుల కూర్చోబెట్టినా తల లేపి కిటికీల నుంచి చూడలేకపోయేది. లీటర్ నీళ్లల్ల ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితేనే ప్రమాదమంటరు, మా దిక్కు బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండె. ఆ ఏడాది పార్లమెంట్ ఎన్నికల నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డరు. గెలుస్తమని కాదు, మా నీళ్ల గోస ఢిల్లీకి తెలవాలని. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలే ఉండె, అదే ఏడాది దాన్ని 10,000 చేసిండ్రు. రాజకీయం మనకెందుకు అన్న మనిషి ఆరో టేబుల్ దగ్గరికి వస్తే పంతులు సార్ ఈ కథ నాతోనే చెప్పిస్తడు. ఆయన 1952ది చెప్తడు, దేశంల మొదటి ఎన్నికలల్ల నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ముచ్చట. "మనది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లుండె, అందుకే ఎక్కువ వచ్చినయ్" అని వకీల్ సాబ్ ఎప్పుడూ అడ్డం వస్తడు. "నెహ్రూది కూడ ఇద్దరు సభ్యులదే, అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పడమర కలిపి" అని పంతులు సార్. ఇది కూడ ఎర్ర పుస్తకంల ఉన్నది, వకీల్ సాబ్ చాయ్ తాపిచ్చిండు.

2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం దోమలపెంట దగ్గర కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నరు. శ్రీశైలం నీళ్లు మా నల్లగొండకు తెచ్చేటందుకు తవ్వుతున్న సొరంగం అది. ఏండ్ల తరబడి దాని కోసం ఎదురు చూసినోళ్లం. మర్నాడు టేబుల్ నిండింది. ఏ ప్రభుత్వం ఎన్ని కిలోమీటర్లు తవ్వింది, ఎవరు ఆపిండ్రు అని మొదలైంది. ఒక పిలగాడు ఫోన్ల సొరంగం కూలుతున్న వీడియో చూపిస్తుంటే సేటు వచ్చి చూసి, "ఇందుల బోర్డు మీది రాత మనది కాదు కదా బేటా, ఇది ఏ ఊరు, ఏ తారీఖు" అని అడిగిండు. పిలగాడు ఫోన్ జేబుల పెట్టిండు. పంతులు సార్ అప్పుడు పేపర్ తీసుకొని, "ముందుగాల ఆ ఎనిమిది మంది పేర్లు చదువుదాం, ఆ తర్వాత కిలోమీటర్లు" అన్నడు. చదివిండు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్ముకశ్మీర్, పంజాబ్. మా నీళ్ల కోసం అంత దూరం నుంచి వచ్చినోళ్లు. సేటు ఆ ఎనిమిది పేర్లు ఎర్ర పుస్తకంల రాసిండు. పందెం లేని పేజీ అదొక్కటే.

ఐదుకు నాలుగు ఇస్తున్న ఈ హోటల్‌కు. ఒకటి ఎందుకు తగ్గించిన్నో కూడ చెప్పాలె. వానాకాలం సందుల మోరీ నిండి వాసన వస్తది, లోపల బాత్‌రూం లేదు, ఇవి ఎట్లనో సర్దుకోవచ్చు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు సేటు గోడకు టీవీ పెట్టిండు. ఆ రెండు నెలలు ఎవరూ ఎవరి మొఖం చూడలేదు, అందరి తలలు టీవీ దిక్కే. టీవీల వాళ్లు అరుస్తరు, వాళ్ల మీదికెళ్లి మేం అరుస్తం, పేపర్ చదివేటోడు లేడు. ఎర్ర పుస్తకంల ఆ రెండు నెలల పేజీలు చూస్తే వరుసలే లేవు. మేమందరం అడిగితే సౌండ్ తీసేసిండు, ఇప్పుడు క్రికెట్ ఉన్నప్పుడే పెడుతడు. అది మొత్తానికి తీసెయ్యాలె సేటు.

అసలు లోటు ఇంకోటి ఉన్నది. ఈ హోటల్ల ఆడోళ్లు కూర్చోరు. పార్సిల్ కట్టించుకొని పోతరు. మా బిడ్డ మిర్యాలగూడల నర్సుగ చేస్తది, ఒకసారి నన్ను ఇంటికి తీసుకపోవడానికి వచ్చింది. ఆ దినం ఆడోళ్ల ఉచిత బస్సు మీద చర్చ. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఇది రోజూ ఉండేదే. పని లేకుండ తిరుగుతున్నరని ఒకాయన, మాకు సీటు దొరుకుతలేదని ఇంకొకాయన. నేను కూడ కండక్టర్ల తిప్పలు చెప్తున్న, జీరో టికెట్లు కొట్టీ కొట్టీ చేతులు పడిపోతున్నయ్ అని. మా బిడ్డ నిలబడే విన్నది, తర్వాత అన్నది: "నాయినా, మా వార్డుల ఊడ్చే ఆమె నెల నెలా బస్సు కిరాయి మిగిలితే బిడ్డకు ట్యూషన్ పెట్టింది. ఆ పిల్ల ఈసారి లెక్కలల్ల పాసయింది. బస్సులు తక్కువున్నయంటే బస్సులు పెంచుమని అడగాలె, ఎక్కేటోళ్లను అంటరేంది?" టేబుల్ మీద ఎవరికీ జవాబు రాలేదు. సేటు కుర్చీ తెచ్చి వేసిండు, "కూసో బిడ్డా" అన్నడు, చాయ్ పంపిండు. ఆమె ఐదు నిమిషాలు కూర్చున్నది. ఆ ఐదు నిమిషాలు మా వాళ్లు చాలామంది పేపర్లల్ల తలలు పెట్టుకున్నరు. ఆమె మల్ల రాలేదు. ఆరో టేబుల్ అందరిదని మేం చెప్పుకుంటం గని, ఊరుల సగం మంది లేని టేబుల్ అది. సేటు ఒప్పుకున్నడు గని ఏం చెయ్యాలో తోస్తలేదంటడు. ఆడోళ్లు ఎవరన్న ఈ రాత చదువుతుంటే, ఇద్దరు ముగ్గురు కలిసి రండి, పొద్దున ఏడింటికి. నేనుంటా. మా బిడ్డను కూడ తీసుకొస్తా.

హోటల్ పొద్దున ఐదున్నరకు తెరుస్తరు, రాత్రి తొమ్మిదికి మూస్తరు. శుక్రవారం పన్నెండున్నర నుంచి రెండు దాకా నమాజ్ కోసం బంద్. రంజాన్ నెల పగలంతా మూతనే, సాయంత్రం తెరుస్తరు, పేపర్లు మాత్రం అప్పుడు కూడ దారం కట్టి పెడుతడు. బండి సందులకు తేవద్దు, గడియారం దగ్గరనే ఆపి నడిచి రండి. కార్డులు నడవయ్, ఫోన్‌తోని పైసలు పంపొచ్చు. ఆరో టేబుల్ దగ్గర ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చు, ఎవరూ ఏమనరు. పటం కింద, గోడ మూలకు ఉన్న కుర్చీ ఒక్కటి విడవండి. అది మా డ్రైవర్‌ది, ఏడుంబావుకు వస్తడు.